నోట్లో పోసే నీళ్లు

డయాలిసిస్‌కి ఉద్దానం వాళ్లు విశాఖ పోవాల్సిన రోజులవి. పలాస స్టేషన్లో నా ఎదుటి బెంచీ మీద, కిడ్నీలు చెడిన ముసలాయన పడుకుని ఉన్నాడు. పక్కనున్న అల్లుడు నేనడక్కుండానే చెప్పాడు.

"డయాలిసిస్ మాన్పించేసి ఇంటికి తీసుకుపోతన్నాం సార్. పేపర్లో రాత్తారు కదా, కారుణ్య మరణమని. అదే ఇది."

ఆ మాట అతగాడి నోట్లో కొత్త చెప్పుల్లా కిర్రుమంది.

ముసలాయన నీళ్లడిగాడు.

"డాక్టరు వద్దన్నాడు కదా మావా," అంటూ ఆ దయామయుడు సీసా ఎత్తి తనే గటగటా తాగాడు.

ముసలాయన కళ్లు తెరవలేదు. "సచ్చినాక నా నోట్లో పోత్తావు కదా బాబూ, ఆ నీలేవో ఇప్పుడే పొయ్యి."

అల్లుడు నావైపు చూసి నవ్వి, సీసాకి మూత బిగించాడు.

కారుణ్యమంటే ఏమిటని ఎవరైనా అడిగితే, నాకు ఆ మూతే గుర్తొస్తుంది.