ఫ్లోరిడాలో మా స్పెయిన్

పెళ్ళయి ఇరవై ఏళ్ళు నిండుతున్నాయి కాబట్టి స్పెయిన్ వెళ్తున్నామని అమెరికాలో మేముండే బెంటన్‌విల్‌లో తెలిసిన తెలుగువాళ్ళందరికీ చెప్పేశాం. చెప్పిన రెండు వారాలకు లాయర్ ఫోన్ చేసి, వీసా ఎక్స్‌టెన్షన్ పెండింగ్‌లో ఉంది, దేశం దాటొద్దన్నాడు. టికెట్లు కాన్సిల్ చేయడం తేలికే అయింది. ఊరంతా చెప్పుకున్న మాటను కాన్సిల్ చేయడం మాత్రం మా వల్ల కాలేదు.

పదిహేడేళ్ళ మా అమ్మాయి దారి చూపించింది. "మమ్మీ, స్పెయిన్ వాళ్ళు ఫ్లోరిడాకి వచ్చారు కదా. మీరు అక్కడికి వెళ్ళండి. సేమ్ థింగ్," అని సెయింట్ అగస్టీన్‌లో ఒక చిన్న హోటల్ బుక్ చేసింది. స్పెయిన్ వాళ్ళు కోట కట్టి, వందల ఏళ్ళు ఏలిన పాత ఊరది. చర్చిలో ఎవరైనా అడిగితే "స్పానిష్ సిటీకి వెళ్తున్నామండీ" అనేదాన్ని. అందులో అబద్ధం ఎక్కడుందో నన్నెవరూ చూపించలేరు.

హోటల్లో పదే గదులు. గదులకు నంబర్లు లేవు, పూల పేర్లు పెట్టారు. రిసెప్షన్ బల్ల కూడా లేదు. ఒక అమ్మాయి మేం కూర్చున్న సోఫా దగ్గరికే వచ్చి నారింజ రసం ఇచ్చి, ఏడు రకాల దిళ్ళ పేర్లు చదివి, ఎలాంటిది కావాలని అడిగింది. మా ఆయన ఏదైనా ఫరవాలేదన్నారు. ఇంట్లో ఇరవై ఏళ్ళుగా నా దిండు లాక్కుని పడుకునే మనిషి.

గదిలో తెల్లటి బాత్‌టబ్ మంచానికి ఎదురుగా, కిటికీ పక్కన ఉంది. చుట్టూ గోడ లేదు, కనీసం కర్టెన్ కూడా లేదు.

"గోడ కట్టడం మర్చిపోయారా?" అన్నారాయన.

"డిజైనట. బ్రోషర్‌లో రాశారు."

"అయితే నువ్వు కాసేపు కిందికెళ్ళు. నేను స్నానం చేస్తాను."

ఇద్దరు పిల్లల్ని కన్నాం. అయినా నేను కిందికెళ్ళాను.

కింద గవ్వలు అతుక్కుని గట్టిపడ్డ రాతి గోడల మధ్య చిన్న పెరడు, నారింజ చెట్లు. సాయంత్రం పూట అక్కడ అతిథులందరికీ వైన్ పోస్తారు. చెట్టు కింద పూలచొక్కా వేసుకుని ఎర్రటి గ్లాసు పట్టుకుని కూర్చున్న పెద్దాయన ఎక్కడో చూసిన మనిషిలా అనిపించాడు. చూసిన మనిషే. మా తెలుగు చర్చిలో సంఘపెద్ద. ధనవంతుడు పరలోకం చేరడం కంటే ఒంటె సూదిబెజ్జంలో దూరడం తేలికంటూ కిందటి ఆదివారమే గంటసేపు వాక్యం చెప్పినాయన. పక్కన ఆయన భార్య. ఆవిడ మోకాళ్ళ ట్రీట్‌మెంట్ కోసం హ్యూస్టన్‌లో కొడుకు దగ్గరికి వెళ్తున్నామని, ప్రార్థన చేయమని మా అందరికీ చెప్పి బయల్దేరారు. మేం చేశాం కూడా.

అలవాటు కొద్దీ నా నోటి నుంచి "వందనాలండీ" అని వచ్చేసింది.

ఆయన గ్లాసు కుర్చీ కిందికి దించారు. "వందనాలు సిస్టర్. ఇది... ద్రాక్షరసం."

"ద్రాక్షరసమే," అంది ఆవిడ. "కాస్త పాతది."

ఆయనకు నవ్వు రాలేదు. "మీరు స్పెయిన్‌లో ఉండాలి కదమ్మా?" అన్నారు.

"మీరు హ్యూస్టన్‌లో ఉండాలి కదండీ?"

అప్పుడే తడి జుట్టుతో మా ఆయన మెట్లు దిగారు. మమ్మల్ని చూసి మళ్ళీ పైకెక్కబోతుంటే పెద్దాయన పిలిచి కూర్చోబెట్టారు. వాళ్ళకు పెళ్ళయి నలభై ఏళ్ళట. వాళ్ళమ్మాయే ఈ హోటల్ బుక్ చేసిందట. ఆ అమ్మాయే మా అమ్మాయికి కూడా ఈ హోటల్ సంగతి చెప్పిందని తర్వాత తెలిసింది. లాంగ్ వీకెండ్ అందరికీ ఒకటే కదా.

"ఇది మన నలుగురి మధ్యే ఉండాలి," అన్నారు పెద్దాయన.

"ఆమెన్," అన్నారు మా ఆయన.

మర్నాడు పొద్దున మగవాళ్ళిద్దరూ కాఫీ దగ్గర గ్రీన్‌కార్డ్ మాటల్లో పడ్డారు. ఆవిడా నేనూ సముద్రపుగట్టు వెంట కోట దాకా నడిచాం. ఆవిడ మోకాళ్ళు నాకంటే బాగా నడిచాయి.

"ఎక్కడికెళ్ళినా ఎవరో ఒకరింట్లోనే దిగేవాళ్ళం అమ్మా," అంది ఆవిడ. "చుట్టాలో, సంఘంవాళ్ళో. హాల్లో గాలి పరుపేసుకుని పడుకోవడం, వాళ్ళకంటే ముందు లేచి దుప్పట్లు మడతపెట్టుకోవడం. ఈ రోజు ఎనిమిదింటికి లేచాను. లేచి, ఆ టబ్బులో ఒక గంట ఉన్నాను."

"అన్నయ్యగారు కిందికెళ్ళారా?"

"ఎందుకెళ్తారు? పక్కనే కూర్చుని పేపర్ చదువుకున్నారు."

నాకు సిగ్గేసింది. దేనికో సరిగ్గా చెప్పలేను. ఆ మధ్యాహ్నం నేను స్నానానికి వెళ్ళినప్పుడు మా ఆయన్ని కిందికి వెళ్ళమనలేదు. ఆయన కిటికీవైపు తిరిగి కూర్చుని ఆఫీసు మెయిల్స్ చూసుకున్నారు. మాకు అదే ఎక్కువ.

తర్వాతి ఆదివారం మా చర్చిలో అందరి ముందూ సాక్ష్యాలు చెప్పే సమయానికి పెద్దాయన లేచి నిలబడ్డారు. మనస్సాక్షి నిద్రపోనివ్వడం లేదన్నారు. హ్యూస్టన్ వెళ్ళలేదన్నారు. హోటల్, నారింజ చెట్లు, గ్లాసుతో సహా అన్నీ చెప్పి, కళ్ళు తుడుచుకుని, "స్పెయిన్ వెళ్తున్నామన్న మన సిస్టర్‌గారి కుటుంబం కూడా అక్కడే కలిశారు, దేవునికి స్తోత్రం," అని ముగించారు. తన పాపంతో పాటు మా పాపాన్ని కూడా కలిపి ఒప్పేసుకున్నారు.

వంద కళ్ళు మావైపు తిరిగాయి. నేను బైబిల్లో ఏదో వెతుక్కుంటున్నట్టు తలదించుకున్నాను. ఆరాధన అయ్యాక ఎవరెవరు ఏం అంటారో అని లెక్కలేసుకున్నాను. భోజనాల లైన్‌లో మొదట ఎదురైన ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, ఆ హోటల్ లింక్ పంపు. మా ఆయన్ని ఎలాగైనా ఒప్పిస్తా." తర్వాత ఇంకో ఇద్దరు అడిగారు. స్పెయిన్ గురించి ఒక్కరూ అడగలేదు.

పెద్దాయన చుట్టూ జనం, భుజం తట్టడాలు. ఆయన భార్య వంటింట్లో ఒంటరిగా రైతా కలుపుతోంది. దగ్గరికెళ్ళి, "అన్నయ్యగారు ధైర్యంగా చెప్పారు కదండీ," అన్నాను, ఇంకేమనాలో తెలియక.

ఆవిడ గరిటె ఆపలేదు.

"ఆయనకు బరువు దిగిపోయిందమ్మా," అంది. "ఆ ఒక్క ముచ్చటైనా అందరికీ పంచకుండా నాకంటూ ఉంచాల్సింది."