ముచ్చికల కేసు

ఆ రోజుల్లో నాకు తెలియని మానసిక వ్యాధంటూ ఉండేది కాదు. ఎంబీబీఎస్ చివరి ఏడాది రెండు వారాలు సైకియాట్రీ వార్డులో వేస్తారని తెలిసి, పుస్తకం ఒక్కసారి అటూ ఇటూ తిప్పి, సెలవులకి ప్రత్తిపాడు వెళ్ళి మా ఇంటిల్లిపాదికీ తలా ఒక జబ్బు పంచేశాను. నాన్న తలుపు గడియ మూడుసార్లు చూసుకుంటారు కాబట్టి ఆయనకి అబ్సెషన్. మా గేదె పాలు పక్కింటివాళ్ళు పిండుకుంటున్నారని గొణిగే నాయనమ్మకి పారనోయియా (నిజంగానే పిండుకుంటున్నారని తర్వాత తెలిసింది). "ఏరా, దీన్ని డాక్టరు చదివిస్తే మనల్నందర్నీ పిచ్చోళ్ళని చేస్తందేందిరా!" అని నాయనమ్మ నాన్న మీద కేకలేసింది. నాన్న మాత్రం మురిసిపోయారు. ఇది జరిగి ఇరవై ఏళ్ళు దాటింది. ఇప్పుడు నేను ఆ వైద్యమే చేసుకుని బతుకుతున్నాను. అప్పటి నేను, ఆ పిల్ల, గుర్తొస్తే నవ్వు తర్వాత సంగతి, ముందు ఒళ్ళు మండుతుంది.

మా వార్డు (ఏ ఊళ్ళో, ఏ కాలేజీలో అని అడక్కండి) ఆసుపత్రిలో అందరికీ వినోదం. పక్క వార్డులకి వచ్చిన చుట్టాలు మా కిటికీల దగ్గర నిలబడి "అదిగో, ఆమే, ఆమే" అంటూ పిల్లలకి వేలు పెట్టి చూపించేవాళ్ళు. జ్వరం వచ్చినవాణ్ణి అలా చూస్తారా? చూడరు. నాకు వాళ్ళ మీద ఎక్కడలేని కోపం వచ్చేది. నేను మాత్రం చేతిలో కాగితాలు పట్టుకుని లోపలికెళ్ళి చూసేదాన్ని, తేడా అంతే. ఆ వార్డులో ఎనిమిదో మంచం మీద ఒకావిడ ఉండేది. వినుకొండ వైపు పల్లె. నలభై ఏళ్ళుంటాయేమో, అందరం అక్కా అనేవాళ్ళం. ఆ ఏడాది పత్తి మొత్తం పోయి, భర్త పురుగుమందు తాగి చనిపోయాడట. కొన్నాళ్ళకి అక్క మాట మానేసింది, తిండి మానేసింది. పొద్దున్నుంచీ మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, ఎడమచేత్తో కనపడనిదేదో పట్టుకున్నట్టు, కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ కలిపి దాన్ని గిల్లి పక్కన పడేస్తున్నట్టు చేస్తుండేది. గిల్లడం, పడేయడం, మళ్ళీ గిల్లడం. నేను ఎగిరి గంతేశాను. అర్థం లేకుండా అదేపనిగా చేసే కదలికని స్టీరియోటైపీ అంటారని పుస్తకంలో ఉంది. అది ఉంటే స్కిజోఫ్రీనియాని అనుమానించమని కూడా ఉంది. మా ప్రొఫెసర్‌గారు అప్పటికే డిప్రెషన్ అని రాసి మందులు మొదలుపెట్టారు. పాపం పెద్దాయన, చూపు తగ్గినట్టుంది అనుకుని జాలిపడ్డాను.

ఇక జబ్బు వివరాలు. అవి నాకు అక్క మరిది చెప్పాడు. ఇస్త్రీ చొక్కా, వేళ్ళకి రెండు ఉంగరాలు, జేబులో పెన్ను. వచ్చీరాగానే "డాక్టరుగారూ, నమస్కారమండీ" అన్నాడు. నేను పుట్టి బుద్ధెరిగాక నన్ను ఆ మాటతో పిలిచిన మొదటి మనిషి అతనే. నేను అక్కడే పడిపోయాను. "మా వదినకి పిచ్చండీ. తనలో తను నవ్వుద్ది. ఎవురో పిలుస్తన్నారంటది. అన్నంలో మందు కలిపామంటది. పొలం సంగతి అసలు తెలవదండీ" అని అతను చెబుతుంటే నేను ఆపకుండా రాసుకున్నాను. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు ఒక్క లక్షణం కూడా తప్పకుండా ఒప్పజెబుతున్నాడే, ఇదేమిటని అనుమానం రావాల్సింది. నాకు ఆనందం వచ్చింది. చివర్లో చేతులు కట్టుకుని, "తమరు కనిపెట్టింది ఒక కాగితం మీద రాసిస్తే, పెద్దాసుపత్రిలో చూపించుకుంటామండీ" అన్నాడు. ప్రొఫెసర్‌గారు ఆ రెండు రోజులూ ఊళ్ళో లేరు. ఆసుపత్రి చీటీ ఒకటి తీసుకుని, స్కిజోఫ్రీనియా అనీ, మతిస్థిమితం లేదనీ, తన వ్యవహారాలు తాను చూసుకోలేదనీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, పేరుకి ముందు 'డా.' తగిలించి సంతకం పెట్టాను. ఇంకా పరీక్షే రాయలేదు సుమండీ!

మర్నాడు మధ్యాహ్నం వార్డు ఆయా మంచాల కింద తుడుస్తూ నా దగ్గర ఆగింది. నేను అక్క వేళ్ళ కదలికలు నిమిషానికి ఎన్నో లెక్కపెడుతున్నాను. "ఏంది డాక్టరమ్మా, అంత తదేకంగా చూస్తన్నావ్?" అంది. స్టీరియోటైపీ గురించి కాసేపు పాఠం చెప్పాను. ఆమె చీపురు ఆనించి నన్ను ఎగాదిగా చూసింది. "మిరగాయలకి ముచ్చికలు తీస్తందమ్మా ఆవిడ! నువ్వు మిరప రైతు కూతురివంటగా? నీ దుంపతెగ, ముచ్చికలు తీయడం చూళ్ళేదా ఎప్పుడూ?" చూడలేదు. మా ఇంట్లో ఏటా కళ్ళం నిండా కాయ ఎండుతుంది, ఇరవైమంది ఆడవాళ్ళు వరసగా కూర్చుని తొడిమలు గిల్లి పడేస్తారు. నన్ను మాత్రం నాన్న ఆ చాయలకి రానిచ్చేవారు కాదు, పుస్తకం పట్టే చేతికి ఘాటు తగలకూడదని. గుంటూరు జిల్లాలో పుట్టి ముచ్చికలు తీసే చేతిని పోల్చుకోలేకపోయిన మనిషిని ఇంకొకరిని చూపిస్తే వాళ్ళకి దణ్ణం పెడతాను.

ఆయా ఊరుకునే మనిషి కాదు. సాయంత్రాలు ఇంట్లో ముచ్చికలు తీసి నాలుగు డబ్బులు చూసుకునేదట, మర్నాడు రౌండ్ల వేళకే చెంగులో ఇన్ని ఎండుకాయలు తెచ్చి అక్క ఒళ్ళో పోసింది. అక్క వాటివైపు చాలాసేపు చూసింది. తర్వాత ఒకటి తీసి టక్కున గిల్లింది. నేనూ పక్కన కూర్చుని సాయం పట్టాను. పైన ఫ్యాను గిర్రున తిరుగుతోంది. అయిదు నిమిషాల్లో మొదటి మంచం నుంచి ఆఖరి మంచం దాకా తుమ్ములు. సరిగ్గా అప్పుడు ప్రొఫెసర్‌గారు వచ్చారు. "ఏమిటమ్మా ఇది.. హాచ్.. వార్డు అనుకున్నారా.. హాచ్.. మిర్చి యార్డు అనుకున్నారా!" ఆ హడావుడిలో అక్క నా చేతిమీద ఒక్కటి చరిచింది. "అట్టా లాగితే కాయ ఇరిగిపోద్ది. తాలుకాయలు మంచివాటిలో కలుపుతావేంది?" అంది. నెల తర్వాత మొదటి మాట! ఆయా తన మిరపకాయలే నయం చేశాయని ఆసుపత్రంతా చాటింది. "మందు మొదలుపెట్టి రెండు వారాలైందమ్మా, అది పనిచేసే వేళ ఇదే" అని ప్రొఫెసర్‌గారు ముక్కు తుడుచుకుంటూ చెప్పారు గానీ ఎవరూ వినలేదు.

అక్క మాట్లాడుతుంటే అసలు సంగతి బయటికొచ్చింది. భర్త పోయాక రెండెకరాలు ఆమె పేరుకి మారాలి. వదినకి మతిలేదని రుజువు చూపించి, పొలం తన పేర రాయించుకోవడానికి మరిది తిరుగుతున్నాడు. రుజువు నేను రాసిచ్చాను. ఆ విషయం వెళ్ళి ప్రొఫెసర్‌గారికి చెప్పాను. ఆయన తిట్టలేదు, దానికే భయమేసింది. "కన్సల్టెంటునై ఇరవై ఏళ్ళు, నేనే వారం చూడకుండా ఒక ముక్క రాయను. నువ్వు ఒక్క పూటలో మనిషి బతుకు రాసేశావు. ఆ కాగితం చెల్లదు. కానీ చెల్లుతుందని మండలాఫీసులో అనుకుంటే చెల్లినట్టే. వెళ్ళు, వెళ్ళి నోటితో చెప్పి రా" అని, అక్క తన వ్యవహారాలు తాను చూసుకోగలదని తనే ఒక ఉత్తరం రాసిచ్చి, నన్నూ అక్కనీ ఆయానీ బస్సెక్కించారు.

మండలాఫీసు వరండా నిండా జనం. మరిది అప్పటికే ఎమ్మార్వోగారి బల్ల ముందు కుర్చీలో ఉన్నాడు, బల్ల మీద నా ముత్యాలు. అతన్ని చూడగానే, "ఏమయ్యా, సిగ్గులేదా నీకు!" అని అరిచాను. అతను నవ్వి, "అదేందండీ డాక్టరుగారూ, మీరే కదా రాసిచ్చింది" అన్నాడు. ఎమ్మార్వోగారు కళ్ళద్దాల్లోంచి చూశారు. "ఇది మీ సంతకమేనా?" "నాదేనండీ. కానీ నేను డాక్టర్ని కాదండీ." వరండాలో జనం గుమ్మంలోకి తోసుకొచ్చారు. "మరి పేరు ముందు ఇదేమిటి?" "అయ్యాక ఎలా ఉంటుందో చూద్దామని పెట్టుకున్నానండీ." జనం ఘొల్లుమన్నారు. ఆయా కూడా నవ్వింది, దుర్మార్గురాలు. చెవులు కాలిపోతుంటే, నేను రాసిందంతా తప్పనీ, అక్కని పరీక్ష చేయకుండానే రాశాననీ మూడుసార్లు గట్టిగా చెప్పాను. ఎమ్మార్వోగారు ప్రొఫెసర్‌గారి ఉత్తరం చదివి, అక్కని కూర్చోబెట్టి, ఏ పొలం, హద్దులేవి, ఈసారి ఏం వేస్తారని అడిగారు. అక్క నాలుగు హద్దులూ తడుముకోకుండా చెప్పి, "పత్తి జోలికి పోనండీ. మిరప వేస్తా" అంది. మరిది కుర్చీలోంచి లేచి ఎప్పుడు వెళ్ళిపోయాడో చూసినవాళ్ళు లేరు.

బస్టాండులో ఆయా టీ తేవడానికి వెళ్ళింది. నేను అక్క కాళ్ళ మీద పడిపోవాలన్నంత బాధలో, "నన్ను క్షమించక్కా, వాడు చెప్పిందంతా నమ్మేశాను" అన్నాను. "వాడు చెప్తాడు, వాడి అవసరం అది. నువ్వు నన్నొక్క మాటన్నా అడగలేదేమ్మా?" అంది. "నువ్వు మాట్లాడేదానివి కాదుగా అక్కా!" అన్నాను. అక్క నావైపు ఒక వెర్రిదాన్ని చూసినట్టు చూసింది. "మాట్లాడకపోతే? తలకాయ ఊపేదాన్నిగా" అంది.

నాకు ఇప్పుడు జుట్టు నెరిసింది. ఎవరి వదిననో, తల్లినో, భార్యనో తీసుకొచ్చి నా ఎదురుగా కూర్చోబెట్టి, చుట్టాలు ఆమె సంగతంతా వాళ్ళే చెప్పడం మొదలుపెడితే ఇప్పటికీ నాకు చర్రున కోపం వస్తుంది. వాళ్ళని బయటికి పంపి తలుపేస్తాను. డాక్టరమ్మకి నోరెక్కువని ఊళ్ళో పేరు కూడా పడింది, పడనీ. తలుపేశాక కుర్చీ దగ్గరికి లాక్కుని, "నువ్వు చెప్పమ్మా, మాట రాకపోతే తల ఊపు చాలు" అంటాను. ఆమె నెమ్మదిగా తల ఊపుతుంది.