పళ్ల డాక్టరు చదవమన్న నూట నలభై మూడో పేజీ

పళ్ల డాక్టరు చీటీలో మందులకంటే ముందు ఒక పుస్తకం చదవమని రాస్తాడు. నీలం అట్టతో అది హాల్లో బల్ల మీదే ఉంటుంది. యుద్ధం చేసి వచ్చిన నలభైమంది సైనికులను ఎవరో కూర్చోబెట్టి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకున్న పుస్తకం. మంచి పుస్తకం. పళ్ల ఆస్పత్రిలో పడడం ఒక్కటే దాని గ్రహచారం.

కుర్చీలో ఎవరైనా అబ్బా అంటే చాలు, డాక్టరు చేతిలోది పక్కన పెట్టేస్తాడు.

"నూట నలభై మూడో పేజీ చదవండి. తొడలో తూటాతో తొమ్మిది మైళ్లు నడిచాడొకడు. నోరు విప్పలేదు. మీరేమో పిప్పిపన్నుకి వీధంతా లేపుతున్నారు."

"నోరు విప్పకపోతే మీరు పన్నెలా పీకుతారు సార్?" అన్నాడు ఓసారి ఎదురుకొట్టు దర్జీ. అతనిచేత డాక్టరు ఆ పేజీ రెండుసార్లు చదివించాడు.

ఏడేళ్లలో పుస్తకం ఆ పేజీ దగ్గర దానంతటదే తెరుచుకోవడం నేర్చుకుంది. మిగతా పేజీలకు నలగడమంటే తెలియదు.

గత నెల డాక్టరుగారి దవడపన్నే తిరగబడింది. నాలుగు రోజులు రెండోవైపు నమిలాడు. చెంపకు చెయ్యి ఆనించి, ఆలోచనలో ఉన్నట్టు కనిపించాడు. పక్క గదిలో పళ్లు చూసేది అతని చెల్లెలే. అయిదో రోజు పట్టేసింది.

"ఆలోచిస్తే చెంప వాయదన్నయ్యా. కూర్చో."

"ఆదివారం చూద్దాంలే. హాల్లో జనం ఉన్నారు."

"ఉంటే? నీ పన్ను వాళ్లకేం అడ్డం?"

అడ్డం పన్ను కాదు, పరువు. గదికీ హాలుకీ మధ్య ఉన్నది పల్చటి చెక్కగోడ. అవతల కూర్చున్న ఎనిమిది మందిలో ఆ పేజీ కంఠతా వచ్చినవాళ్లే ఎక్కువ. ఒక్కసారి అరిచాడా, ఏడేళ్ల ప్రవచనం గాలికి పోతుంది.

"చీము పట్టింది. మత్తు పూర్తిగా ఎక్కదు. మొదటిరోజే చెప్పి ఉండాల్సింది," అంటూ చెల్లెలు సూది గుచ్చింది. "కొంచెం నొప్పి, అంతే."

ఆ 'అంతే' అంటే ఎంతో, రోజుకు ఇరవైమందికి అదే మాట చెప్పే మనిషికి తెలియకపోదు. కుర్చీ చేతులు బిగించి పట్టుకున్నాడు. చెల్లెలు పట్టకారుతో రెండోసారి కుదిపేసరికి అమ్మా అన్న కేక వెలువడింది. గోడమీద గడియారం ఊగిందని హాల్లో కూర్చున్న దర్జీ తర్వాత చెప్పాడు. దర్జీ ఏదైనా కాస్త వదులుగానే కుడతాడు.

నోట్లో దూదితో డాక్టరు బయటికి వచ్చాడు. హాల్లో అందరూ గోళ్లు చూసుకుంటున్నారు. కట్టుడు పళ్ల కోసం మొదటిసారి వచ్చిన పెద్దాయన ఒక్కడే నీలం పుస్తకంలోంచి తలెత్తాడు.

"డాక్టరుగారూ, నేనూ యుద్ధానికి వెళ్లొచ్చినవాణ్ణే. ఈ పుస్తకం రాసినవాళ్లెవరో ఉన్నదున్నట్టు రాశారు. ఈ నూట నలభై మూడో పేజీ తిప్పి చూశారా మీరెప్పుడైనా?"



పెద్దాయన కళ్లజోడు సర్దుకుని, పేజీ తిప్పి, చదివి చెప్పాడు. ఆ తొమ్మిది మైళ్లూ సైనికుడు నోరు విప్పనిది శత్రువు వింటాడని. డేరాకు చేరాక, కట్టు మార్చినప్పుడల్లా మూడు రోజులపాటు అమ్మా అని అరిచాడు. పక్క మంచాలవాళ్లు ఎవరూ నవ్వలేదు.

"మేమూ నవ్వంలెండి," అన్నాడు దర్జీ, దగ్గు తెచ్చుకుంటూ.

పుస్తకం ఇంకా ఆ బల్ల మీదే ఉంది. డాక్టరు ఇప్పుడు నూట నలభై నాలుగో పేజీ చదవమంటున్నాడు. నూట నలభై అయిదులో ఏముందో, అప్పుడే చదివేసిన దర్జీని అడగాలి.