గంట ఆగని కొలత

ఆ తుపాకుల షాపులో రెండు పనిబల్లలున్నాయి. కిటికీ పక్కది పెద్దల్లుడిది, తలుపు పక్కది చిన్నల్లుడిది. మధ్యలో గోడ లేదు. ఉంటే బాగుండునని పెద్దల్లుడు పద్దెనిమిదేళ్ళుగా అనుకుంటున్నాడు.

పని ఇద్దరికీ మామగారే నేర్పారు. పెద్దల్లుడు ముందు వచ్చాడు. ఆకురాయి పట్టడం, స్ప్రింగు వంచడం, తుప్పు వదిలించడం నాలుగేళ్ళు నేర్చుకుని పెద్దమ్మాయిని చేసుకున్నాడు. రెండోవాడు తరువాత వచ్చాడు. అవే పనులు ఏడాదిన్నరలో నేర్చేసుకుని చిన్నమ్మాయిని చేసుకున్నాడు. అప్పటినుంచీ వచ్చేవాళ్ళందరూ చిన్నల్లుడి బల్ల దగ్గరే ఆగుతున్నారు.

తలుపు పక్కన కూర్చుంటాడు గనక ఆగుతున్నారని పెద్దల్లుడు భార్యతో అన్నాడు. అయితే బల్లలు మార్చుకోమని ఆవిడ సలహా ఇచ్చింది. మార్చుకున్నారు. నెల రోజులు జనం తలుపు పక్కనున్న పెద్దల్లుడిని దాటుకుని కిటికీ దాకా నడిచారు. రెండో నెలలో అతను నోరెత్తకుండా తన బల్ల తాను వెనక్కి జరుపుకున్నాడు. ఆవిడ మాత్రం ఆ నెలని ఇప్పటికీ మర్చిపోలేదు.

మామగారికి చూపు దాదాపు పోయింది. లోపలి గదిలో పేము కుర్చీలో కూర్చుని చప్పుళ్ళను బట్టి పని గమనిస్తారు. ఆయన దగ్గర ఒక పుస్తకం ఉంది. ఇప్పుడెవరూ తయారుచెయ్యని పాత తూటాల బొమ్మలు, కొలతలు అందులో ఉన్నాయి. ఆనవాలు తెలియని తుపాకీ వస్తే, అది ఏ తూటా కోసం చేసిందో కనిపెట్టినవాడే అందులో స్వయంగా రాయాలన్నది ఆయన పెట్టిన నియమం. సగం దాకా ఆయన రాత. ఆ తరువాతి పదకొండు పేజీలూ చిన్నల్లుడి రాత. పెద్దల్లుడిది ఒక్క ముక్క కూడా లేదు. మామగారు బతికుండగా ఒక్క పేజీ రాయాలని అతని కోరిక. ఆ కోరికని ఎవరికీ చెప్పలేదు, అందరికీ తెలుసు.

అటవీ గార్డు కూతురు జంట గొట్టాల తుపాకీ తెచ్చినప్పుడు ఆ పేజీ దొరికిందనుకున్నాడు. గార్డు పోయి ఏడాదైంది. తుపాకీ ఆయన తాత నాటిది. పై గొట్టం నున్నగా ఉంది, అది చిన్న గుళ్ళు చిమ్మేది. కింది గొట్టంలో మెలి తిరిగిన గాడులున్నాయి, అది ఒంటి తూటా పేల్చే రైఫిల్. లైసెన్సు కాగితంలో ఆ రైఫిల్ తూటా పేరు రాయాలి. గొట్టం మీది ముద్రలు అరిగిపోయి ఒక్క అంకె కూడా తెలియడం లేదు.

ఆవిడ చిన్నల్లుడి బల్ల దగ్గరే ఆగిందని వేరే చెప్పక్కర్లేదు. అతను రెండు రోజులు తంటాలు పడ్డాడు. తన దగ్గరున్న పాత తూటా ఏదీ ఆ గొట్టంలో సరిగ్గా కూర్చోలేదు. తూటా కూర్చునే చోట అచ్చు తీయాల్సిందే, సాయంత్రం లోహం కరిగించి పోస్తానని చెప్పి భార్యను పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు.

అతని స్కూటరు చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా పెద్దల్లుడు ఆగాడు. తరువాత నీళ్ళు మరగపెట్టాడు.

అచ్చు లోహం మెత్తటిది, వేడినీళ్ళ గిన్నెలో పెడితేనే కరుగుతుంది. గొట్టం తుడిచి, లోపల గుడ్డముక్క బిగించి, లోహం పోశాడు. గట్టిపడ్డాక ముందు వైపునుంచి కడ్డీతో తట్టాడు. అచ్చు చేతిలోకి జారింది. తూటా భుజం, మెడ, వెనక అంచు, అన్నీ అద్దినట్టు వచ్చాయి.

ఆ లోహానికి ఒక గుణం ఉంది. చల్లారుతున్నప్పుడు కాస్త ముడుచుకుంటుంది, మళ్ళీ మెల్లగా ఉబ్బుతుంది. పోసిన గంటకు గాని సరైన కొలత ఇవ్వదు. అది అతనికి మామగారు మొదటి ఏడాదే చెప్పారు. కానీ పళ్ళ డాక్టరు గంటసేపు కూర్చోబెడతాడన్న నమ్మకమేముంది? ఇరవై నిమిషాలకే కొలిచాడు. పుస్తకం తిరగేశాడు. ఒకే పొడుగున్న రెండు తూటాలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి సన్నం, ఒకటి వెంట్రుకవాసి లావు. కొలత సన్నదానికి సరిపోయింది. కలం తీసి కొత్త పేజీలో దాని పేరు రాశాడు. చేతిరాత బాగా రావాలని నెమ్మదిగా రాశాడు.

లోపలినుంచి మామగారు అడిగారు. "గంట ఆగావా?"

"ఆగాను మామయ్యా."



చిన్నల్లుడు వచ్చాడు. పుస్తకం చూసి అతని ముఖం వెలిగిపోయింది. కొలిచే కాలిపర్ అందుకోబోయి మళ్ళీ కింద పెట్టేశాడు. "మీరు కొలిచాక నేను కొలిచేదేముంది అన్నయ్యా," అని అట్టముక్క మీద ఆ తూటా పేరు రాసి తుపాకీకి కట్టాడు. కింద పెద్దల్లుడి పేరు కూడా రాశాడు. చేతులు కడుక్కోవడానికి వెనక్కి వెళ్ళాడు.

ఆ మాట పెద్దల్లుడికి ముల్లులా గుచ్చుకుంది. ఒకసారి అనుమానపడి ఉంటే వాడి సొమ్మేం పోయేది? అచ్చు పోసి అప్పటికి గంట దాటింది. ఉండబట్టలేక తనే మళ్ళీ కొలిచాడు. ఉబ్బింది. ఇప్పుడది లావు తూటా కొలత.

పొయ్యి మీద గిన్నెలో నీళ్ళు ఇంకా మరుగుతూనే ఉన్నాయి. అచ్చుని ముంచితే చాలు, సాక్ష్యం కరిగిపోతుంది. ముంచేవాడే. అంతలో గార్డు కూతురు వచ్చింది. అట్టముక్క చదువుకుని సంబరపడింది. పాత తూటాలు అడిగిన కొలతకు చేసిచ్చే మనిషి తన తమ్ముడికి తెలుసుననీ, నాన్న జ్ఞాపకంగా ఒక్కసారి పేల్చి చూస్తామనీ చెప్పింది. సన్నటి తూటా ఆ వదులు గొట్టంలో పేలితే దాని ఇత్తడి గుల్ల చీలి, నిప్పు వెనక్కి తన్నుతుంది. కన్ను పోతుంది.

"అది నమ్మొద్దు. తప్పు," అన్నాడు పెద్దల్లుడు.

చిన్నల్లుడు తడిచేతులతో వచ్చి నిలబడ్డాడు.

"ఇరవై నిమిషాలకే కొలిచాను. ఆగానని మామయ్యకి అబద్ధం చెప్పాను. పక్క పేజీలో లావు తూటా ఉంది చూడు, అదే దీనిది. కావాలంటే నువ్వు కొలుచుకో."

ఈసారి చిన్నల్లుడు కొలిచాడు. అవునన్నట్టు తల ఊపి, అట్టముక్క తెంపేశాడు. గార్డు కూతురు ఇద్దరి ముఖాలూ చూసి, రేపు వస్తానంటూ వెళ్ళిపోయింది. పెద్దల్లుడు పుస్తకాన్ని అతనివైపు తోశాడు. ఆ పేజీ చింపి వాణ్ణే రాసుకోమన్నాడు.

"చింపొద్దు," లోపలినుంచి మామగారి గొంతు వచ్చింది. "కొట్టేసి కింద రాయి. ఎన్ని నిమిషాలకి కొలిచావో కూడా రాయి. పనికొస్తుంది."

"రాయండి అన్నయ్యా," అన్నాడు చిన్నల్లుడు. "రెండోసారి కూడా మీరేగా కొలిచింది."

పెద్దల్లుడు పై వరుస కొట్టేశాడు. కింద లావు తూటా పేరు రాశాడు, ఇరవై నిమిషాలని కూడా రాశాడు. మొదటి వరుసంత అందంగా రాలేదు. పదకొండు పేజీల్లో ఒక్క కొట్టివేత కూడా లేని చోట, తన పేజీ ఇలా మొదలైంది.

తలెత్తి చిన్నల్లుడి ముఖంలోకి చూశాడు. ఎగతాళి ఉందేమోనని వెతికాడు. జాలి ఉందేమోనని వెతికాడు. వాడు అప్పటికే బల్ల మీద వంగి ఇంకెవరిదో స్ప్రింగు వంచుతున్నాడు. ఆ రెండింటిలో ఏదో ఒకటి దొరికి ఉంటే అతనికి ఆ పూట అన్నం సహించేది.