మా తమ్మునికి మొలలని తేల్చింది నేనే

ఇయ్యాల మా తమ్మున్ని తీస్కొని ఇబ్రహీంపట్నం నుంచి సిటీల దవాఖానకు పోయిన. పోయిన వారం కెమెరా పెట్టి పేగు చూసి, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపిండ్రు. ఇయ్యాల రిపోర్టు వచ్చింది.

"మొలలు కావు. పెద్దపేగు లోపలంత పుండ్లున్నయి. అల్సరేటివ్ కొలైటిస్ అంటరు. పూర్తిగ పోదు గని, మందులు ఆపకుంట వాడితే అదుపుల ఉంటది" అన్నది డాక్టరమ్మ. రిపోర్టు పక్కకు పెట్టి అడిగింది: "రెండేండ్ల సంది రక్తం పడుతుంటే ఏం చేసిండ్రు?"

మొలలని తేల్చింది నేనే. మూడుసార్లు నాటువైద్యుని దగ్గరికి తోల్కపోయి పసరు మందు తాగించింది నేనే. వాడు శేరిగూడల కాలేజీ బస్సు నడిపేటోడు. దారిల దొడ్డికొచ్చి బస్సు ఎక్కడ ఆపాల్సొస్తదో అని భయపడి పొద్దుగాల తినుడే బంద్ పెట్టిండు. ఆఖరికి చాతగాక నౌకరీ ఇడిసిపెడితే, పని దొంగవని అందరి ముంగట తిట్టింది గూడ నేనే.

"నేనే పట్టించుకోలే మేడం. మా అన్న ఎప్పటిసందో దవాఖానకు పోదామనే అన్నడు" అని చెప్పిండు తమ్ముడు.

బయటికొచ్చినంక అడిగిన, "అట్లెందుకు చెప్పినవ్‌రా?"

"నిన్ను తిట్టిపిస్తే నా పేగు మంచిగైతదా అన్న?"

వాడే నన్ను నాలుగు తిట్టినా ఇంత మండకపోతుండె.

రక్తం పడుతుంటే సిగ్గుపడకుండ్రి, డాక్టరుకు చూపించుకోండ్రి. నా అసొంటి డాక్టరు మీ ఇంట్ల గూడ ఉంటే, ఎవరో కింద కామెంట్ల రాయుండ్రి.