నేను చేర్చిన సున్న

ముప్పై ఏళ్లుగా ఒక సున్నను మోస్తున్నాను. అంకెల్లో సున్న కాదు, అక్షరం పక్కన పెట్టే సున్న. అంత చిన్నదానికి ఇంత బరువేమిటి అంటావేమో. చెబుతాను. దేవుణ్ణి నమ్మేవాడు తప్పు చేస్తే ఎక్కడో ఒకచోట మొక్కుకుని తేలికపడతాడు. నాకా చోటు లేదు. అందుకే నీ ముందు కూర్చున్నాను.

నేను హేతువాదిని. బాన్సువాడలో మూఢనమ్మకాల మీద సభ అంటే మైకు నా చేతికి రావలసిందే. రాసిన వ్యాసాలన్నిటిలోనూ ఒకే మాట తిప్పి తిప్పి చెప్పాను: రుజువు చూపించు, లేకపోతే నోరు మూసుకో. అందరికీ చెప్పాను. నాకు తప్ప.

పెద్ద కొడప్‌గల్ వైపు ఒక లంబాడీ తండాలో, అందరూ మహారాజ్ అని పిలిచే గురువు ఒకాయన రేకుల షెడ్డు వేసి బడి మొదలుపెట్టాడు. పొద్దున భజన, ఆ తర్వాత లెక్కలు. ఎప్పటికైనా ఇది యూనివర్సిటీ అవుతుంది అనేవాడు. మేం నవ్వేవాళ్లం. నవ్వుతూనే భయపడ్డాం. చదువు మతం చేతిలోకి పోతే ప్రశ్న చచ్చిపోతుందని నా వాదం. ఆ వాదం తప్పని ఈ రోజుకీ అనను.

ఆ ఏడాది ఆడపిల్లలను కూడా చేర్చుకుంటామని ఆయన తండాలో ప్రకటించాడు. వినడానికి నేనూ వెళ్లాను. "మా బడిల ఆడపిల్లలు సుత భోగ్ వెడ్తరు" అన్నాడు. భోగ్ అంటే వాళ్ల భాషలో నైవేద్యం. బెల్లం, నెయ్యి నిప్పుల మీద వేసి దండం పెట్టుకోవడం. ఆ తండాలో అది మగవాళ్ల పని. దాన్ని ఆడపిల్లల చేతికి ఇస్తానన్నాడు ఆయన. నిజానికి మా సంస్కరణ సభల్లో మేం అడుగుతున్నదీ అలాంటి మార్పే కదా? ఆ మాట ఆ రోజే నాకు తట్టింది. తట్టినా పక్కకు నెట్టాను.

మరునాడు బాన్సువాడ పాత బస్టాండు దగ్గర మా సభ. జనం పలచగా ఉన్నారు. నా తర్కం ఎవరికీ పట్టడం లేదు. బీర్కూర్ బస్సు వస్తే సగం మంది లేచిపోయేలా ఉన్నారు. అప్పుడు అన్నాను. "ఆ బడిల ఆడపిల్లలు భోగం చేస్తరట. నా చెవులార విన్న."

తెలుగులో ఆ మాట ఎక్కడికి పోతుందో నీకు తెలుసు. ఒళ్లు అమ్ముకుని బతుకుతుందని ఆడదాన్ని తిట్టడానికి వాడే మాట. నేను చేసిందల్లా ఒక సున్న చేర్చడం. బస్సు వచ్చింది. ఒక్కరూ లేవలేదు. ఈలలు, చప్పట్లు.

పొరపాటున అన్నానా? కాదు. మా నాన్న ఆ తండాలో సర్కారు బడి పంతులు. ఆ భాష నాకు వచ్చు. నా దోస్తు దేవ్లా ఇంట్లో, వాళ్ల అమ్మ పెట్టిన భోగ్ తింటూ పెరిగాను. మరి ఎందుకన్నాను? చప్పట్ల కోసమా? మంచి పని కోసం చిన్న అబద్ధం ఫర్వాలేదని ఎన్నోసార్లు నాకు నేను నచ్చజెప్పుకున్నాను, కానీ సరిగ్గా ఆ సాకుతోనే బాబాలు జనాన్ని మోసం చేస్తారని అంతకుముందు పేజీలకు పేజీలు రాసింది నేనేనని గుర్తొచ్చిన ప్రతిసారీ, గబగబా ఇంకొకరి మీద ఇంకో వ్యాసం మొదలుపెట్టేవాణ్ణి.

ఆ మాట ఊరూరా పాకింది. తండా ఆడవాళ్లు అంగడికి వస్తే "ఏందక్కా, మీ భోగం బడి మంచిగ నడుస్తుందా?" అని జనం నవ్వేవాళ్లు. తల్లిదండ్రులు ఒక్కొక్కరే తమ కూతుళ్లను పంపేది లేదన్నారు. ఆడపిల్లల తరగతి మొదలవకుండానే ఆగిపోయింది. దేవ్లా కూతురు జమున ఆ తరగతిలోనే చేరవలసింది. సర్కారు బడి ఐదో తరగతితో అయిపోయేది. ఇక వేరే బడి లేదు. వర్ని వైపు నాట్లు వేయడానికి పోయే కూలీల్లో కలిసింది.

దేవ్లా మా ఇంటికి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"మా యాడి చేతి భోగ్ తిన్నవ్ గదరా?" యాడి అంటే అమ్మ.

"తిన్న."

"మల్ల భోగ్ అంటే ఏందో నీకెర్కలేదా?"

"సభల అన్నది పట్టుకుంటే ఎట్ల, దేవ్లా? గది వాదన."

"గంతేనా? వాదననా?" నవ్వాడు. "మా పొల్ల సదువు బంద్ వెట్టిన. మంచిగ గెల్సినవ్ తియ్."

చనిపోయేదాకా మళ్లీ మా గడప తొక్కలేదు.

బడి మాత్రం ఆగలేదు. షెడ్డు మేడ అయింది. ఇంటర్ వచ్చింది, డిగ్రీ వచ్చింది. చాలా ఏళ్లు ఆలస్యంగా ఆడపిల్లలూ వచ్చారు. ప్రతి మెట్టు మీదా నేనొక వ్యాసం విసిరాను. ఇప్పుడు గేటు మీద విశ్వవిద్యాలయం అని రాసి ఉంది. మొన్న అక్కడి నుంచే పిలుపు. "దేవుడు అవసరమా?" అని చర్చ, వద్దనే పక్షం నాది. గుడి ఉన్న ఆవరణలో నిలబడి గుడి ఎందుకని అడిగాను. అడగనిచ్చారు. ఆ తర్వాత పిల్లలు నన్ను వదల్లేదు. ఒక అమ్మాయి లేచి, "గట్లని మీరంటున్నరు. దానికి రుజువేంది సార్?" అంది. హాలంతా గొల్లున నవ్వింది. నేనూ నవ్వాను. ప్రశ్న చచ్చిపోతుందనుకున్న చోట అది నిలబడి నన్నే నిలదీస్తోంది. ఎంత సంతోషమేసిందో! పేరు అడిగాను. స్వాతి. జమున కూతురు. ఆ పొద్దున భోగ్ పెట్టింది కూడా ఆ పిల్లేనట.

కూతుర్ని తీసుకుపోవడానికి వచ్చిన జమున గేటు దగ్గర కనిపించింది. చెప్పాను. తెలిసే అన్నానని, పొరపాటు కాదని. ఏమంటుందని ఎదురుచూశాను? పోనీలే అంటుందనా? సిగ్గులేని ఆశ.

"నాకెందుకు చెప్తవ్ కాకా, నాకెర్కలేదా? బాన్సువాడల అన్నవ్. బాన్సువాడలనే చెప్పు. మైకు వట్టి చెప్పు." కూతుర్ని బండి ఎక్కించుకుని పోయింది.

ఆదివారం పాత బస్టాండు దగ్గర సభ ఉంది. నన్ను మాట్లాడమన్నారు. నాకిప్పటికీ దేవుడు లేడు. ఆ విశ్వవిద్యాలయంతో నా తగువు తీరలేదు, తీరకూడదు కూడా. కానీ మొదట చెప్పవలసిన మాట ఒకటుంది. నీ దగ్గర ఒకసారి పలికి చూసుకుంటున్నాను.

మహారాజ్ అన్నది భోగ్. భోగ్ అంటే నిప్పుల మీద వేసే బెల్లం, నెయ్యి. అది నాకు అప్పుడే తెలుసు. ఆ సున్న నేను పెట్టింది.