అష్రఫ్ కొట్లో కళ్ళు మండే ఆట

ప్రత్తిపాడులో కంప్యూటర్ ఆటల కొట్టు నడిపే అష్రఫ్ తెచ్చిన కొత్త ఆటపెట్టె కళ్ళు తీసేస్తుందని, రెండువేల ఎనిమిది ఎండాకాలమంతా ఊళ్ళో ఒకటే గగ్గోలు. అది పచ్చి అబద్ధం. ఆడినవాళ్ళు ఎర్రటి కళ్ళతో, నీళ్ళు కార్చుకుంటూ బయటికొచ్చిన మాట మాత్రం నిజం. పెద్దమనుషులు కొట్టు మూయిస్తామన్నారు.

ఆ మాట విని పక్కింటి కరీమున్‌ చెంగు బిగించి కొట్లోకి నడిచింది. కంప్యూటర్ల ముందు కాలేజీ పిల్లలు హాయిగా ఆడుకుంటున్నారు. టీవీకి తగిలించిన పెట్టె దగ్గర మాత్రం మిరప టిక్కీ బస్తాలు మోసే కూలీలు కేకలేస్తూ, బొత్తాల రిమోట్‌ని ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుంటున్నారు.

"ఏదీ, ఇలా తే!" అని తనూ కాసేపు నొక్కి, ముఖాన చెమట చేత్తో తుడుచుకుంది.

"యా అల్లా! నా కళ్ళు పోయాయిరో!"

బిందెడు నీళ్ళు చల్లుకున్నాక వేళ్ళు వాసన చూసుకుంది. మిరప ఘాటు! అష్రఫ్ వైపు తిరిగింది.

"ఒరేయ్, ఇది నీకు ముందే తెలుసా?"

"తెలుసత్తా."

"పెట్టె అమ్మేసి ఇంకో కంప్యూటర్ కొనుక్కోరా!"

"ఇంత బాగా ఆట ఆడించాలంటే కంప్యూటర్‌కి రెండింతలు డబ్బు పొయ్యాలి. పైగా కీబోర్డు చూస్తేనే వాళ్ళు బెదిరిపోతారు."

"మరి కొట్టు మూతపడే దాకా వస్తే, మిరప సంగతి ఎందుకు చెప్పలేదురా?"

అష్రఫ్ గొంతు తగ్గించాడు. "ఎన్ని నీళ్ళు పోసినా ఆ ఘాటు పోదత్తా. తప్పు మీ చేతులదేనని నేనంటే, వాళ్ళు మళ్ళీ నా గడప తొక్కుతారా?"